బహిరంగ లేఖ: రోడ్డు అంచున ఒక్క మీటరు మాకు వదలండి

రోడ్లు వేసే ఇంజినీర్లకు, పురపాలక, పంచాయతీరాజ్ అధికారులకు, ట్రాఫిక్ పోలీసు, రవాణా శాఖల అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఎండలో, వానలో రోడ్డు మీద నిలబడి పనిచేసే మీ సిబ్బంది కష్టం మాకు తెలుసు. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోడ్డు అంచున సైకిల్ తొక్కేవాళ్లకు ఉన్న ప్రమాదాల మీద గత 14 నెలల్లో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిది సోమవారం అర్జీలు తీసుకునే రోజున వరుసలో నిలబడి చేత్తో ఇచ్చాను. రసీదు నా దగ్గరుంది. రెండోది ఆన్‌లైన్‌లో, ఆరు ఫొటోలతో. మూడోది స్పీడ్ పోస్టులో. రెండోదానికి మాత్రం పన్నెండో రోజున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది'. ఆ సాయంత్రమే వెళ్లి చూశాను. మేం మార్చమని అడిగిన మురుగు కాలవ ఇనప జాలీ అక్కడే, అలాగే ఉంది. ఎవరూ వచ్చి చూసిన జాడ కూడా లేదు. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయడం లేదు. ఒక్క కార్యాలయాన్ని నిలదీస్తే తీరే సమస్య అయితే బహిరంగంగా రాయాల్సిన పనే ఉండేది కాదు. అలాంటి జాలీలు రెండు తెలుగు రాష్ట్రాల్లో నేను తిరిగిన ప్రతి పట్టణంలోనూ చూశాను.

నా వయసు 53. కృష్ణా డెల్టాలో ఒక పట్టణంలో ఉంటాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నాలుగేళ్ల క్రితం కాలి బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ నెల దాటినా మానకపోతే డాక్టరు గారు రక్తపరీక్ష రాశారు. పరగడుపున చక్కెర 182. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. బరువు 86 కిలోలు. "మాస్టారూ, మందులు నేను రాస్తాను. మిగతా సగం మందు మీ కాళ్లలోనే ఉంది" అన్నారాయన.

నడక మొదలుపెట్టాను. పాతికేళ్లు బోర్డు ముందు నిలబడిన మోకాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు ఆయనే గుండె పరీక్షలు చేయించి, సైకిల్ తొక్కమన్నారు. సైకిల్ మీద ఒంటి బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది, మోకాళ్ల మీద అంత పడదు. తొడల్లోని పెద్ద కండరాలు పనిచేస్తున్నంతసేపూ రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి, అందుకు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడవు. షుగర్ ఉన్నవాళ్లకు కాళ్ల పని అంత మేలు చేయడానికి కారణం అదే.

ముప్పై ఏళ్ల తర్వాత సైకిలెక్కాను. మొదటి రోజు రెండు కిలోమీటర్లకే ఆయాసపడ్డాను. మూడో నెలకి పన్నెండు కిలోమీటర్లు తొక్కగలిగాను. ఇప్పుడు వారంలో ఐదు రోజులు పొద్దున్నే 40 నిమిషాలు, ఆదివారం 40 కిలోమీటర్లు తొక్కుతున్నాను. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోడ్డు బాగున్న వారం నేను అది దాటేస్తాను. పోయినసారి హెచ్‌బీఏ1సీ 6.5 వచ్చింది. బరువు పది కిలోలు తగ్గింది. మందులు మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. మోతాదు మాత్రం డాక్టరు గారే తగ్గించారు.

లెక్కల్లోకి రానిది కూడా ఒకటి ఉంది. ఐదు గంటల వేళ కాలవ గట్టు పక్క రోడ్డు మీద వెళుతుంటే నీళ్ల వాసన, కొత్తగా నాట్లేసిన చేల వాసన ముఖానికి తగులుతాయి. చైను చప్పుడు తప్ప మరేమీ వినపడదు. ఇంటి అప్పు, కొడుకు ఉద్యోగం, కాలేజీ టెన్షన్ అన్నీ ఆ 40 నిమిషాలు వెనకే ఉండిపోతాయి. యాభై దాటిన మనిషికి ఒళ్లు మళ్లీ తన మాట వినడం ఎంత ధైర్యమిస్తుందో అనుభవించినవాళ్లకు తెలుసు.

నన్ను చూసి ఒకరొకరుగా చేరి ఇప్పుడు తొమ్మిది మందిమయ్యాం. అందరి వయసూ 42 నుంచి 61 మధ్య. ఒక స్టాఫ్ నర్సు, ఒక టైలరమ్మ, ఎరువుల కొట్టు యజమాని, ఇద్దరు టీచర్లు, రిటైరైన బస్ కండక్టరు, ఇలా. తొమ్మిది మందిలో ఆరుగురికి షుగరో బీపీయో రెండూనో ఉన్నాయి.

పోయిన ఏడాది అక్టోబరులో ఒక శుక్రవారం, తెల్లవారుజామున 5 గంటల 20 నిమిషాలకు, మా కండక్టరు గారి సైకిల్ ముందు చక్రం రోడ్డు పక్క మురుగు కాలవ జాలీలో దిగిపోయింది. వెనక నుంచి పాల వ్యాను వస్తోందని ఆయన అంచుకి జరిగారు. అంతే. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి ముందుకు పడ్డారు. మెడ కింద ఎముక విరిగింది, రెండు పళ్లు పోయాయి. హెల్మెట్ రెండు ముక్కలైంది, తల దక్కింది. నేను వెళ్లి లేపబోతే ఆయన అన్న మొదటి మాట, "మాస్టారూ, నేనేం తప్పు చేయలేదు, చక్రం దిగిపోయిందంతే." ముప్పై ఏళ్లు బస్సులో జనాన్ని క్షేమంగా దించిన మనిషి, నెత్తురు కారుతున్న నోటితో ముందుగా సంజాయిషీ చెప్పుకోవడం నేను మరిచిపోలేకపోతున్నాను.

ఆపరేషన్‌కి, పళ్లకి కలిపి లక్షా పదిహేను వేలయింది. ఎముక అతికింది. ఆయన మాత్రం మళ్లీ సైకిలెక్కలేదు. ఇంట్లోవాళ్లు ఎక్కనివ్వడం లేదు, ఆయనకీ ధైర్యం చాలడం లేదు. ఎనిమిది నెలల్లో చక్కెర మళ్లీ పాత అంకెకి చేరింది, ఇన్సులిన్ మొదలుపెట్టారు. మీ రికార్డుల్లో ఈ ప్రమాదం లేదు. ఏ వాహనమూ గుద్దలేదు కాబట్టి కేసు లేదు.

అందుకే, ఈ నాలుగేళ్లలో రోడ్డు అంచున నేను చూసినవీ టేపుతో కొలిచినవీ వరుసగా మీ ముందు పెడుతున్నాను.

1. మురుగు కాలవ జాలీలు. ఆ ప్రమాదం జరిగిన రోజు సాయంత్రమే వెళ్లి జాలీ కొలిచాను. కడ్డీలు రోడ్డు పొడవునా, మనం వెళ్లే దిశలోనే ఉన్నాయి. కడ్డీకీ కడ్డీకీ మధ్య సందు 45 మిల్లీమీటర్లు. కండక్టరు గారి సైకిల్ టైరు 28 మిల్లీమీటర్లు. "సన్నటి టైర్ల ఖరీదైన సైకిళ్లు కొంటే ఇలాగే ఉంటుంది" అని ఒక ఉద్యోగి నాతో అన్నారు. పాలవాళ్లు, మేస్త్రీలు తొక్కే మామూలు సైకిల్ టైరు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. అది కూడా ఆ సందులో దిగిపోతుంది. స్కూటర్ టైరు 90 మిల్లీమీటర్లు, దానికి ఏమీ కాదు. అందుకే మోటారు వాహనం మీద వెళ్లి తనిఖీ చేసేవారికి ఈ జాలీలో తప్పు కనిపించదు. దీనికి కొత్త జాలీ కూడా అక్కర్లేదు. కొలత కుదిరిన చోట దాన్నే తీసి అడ్డంగా తిప్పి పెడితే చాలు. కుదరని చోట అడ్డంగా నాలుగు ఇనప పట్టీలు వెల్డింగ్ చేయిస్తే సరిపోతుంది. మా ఊరి వెల్డరుని అడిగాను, ఒక్కోదానికి గంట పని అన్నాడు.

2. తెగిన అంచులు. రోడ్డు మీద తారు పొర వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పక్కన మట్టి మార్జిన్ పాత ఎత్తులోనే ఉండిపోతుంది. మేం వెళ్లే రోడ్డు మీద ఒక చోట ఆ తేడా 17 సెంటీమీటర్లు ఉంది. అంటే ముప్పావు జానెడు. వెనక నుంచి బస్సు హారన్ కొడితే సైకిల్ మీది మనిషి ఎడమకి దిగాలి. దిగితే పడతాడు. దిగకపోతే బస్సు కింద పడే భయం. వానాకాలంలో నీళ్లు నిలిచి ఆ అంచు కనపడదు కూడా. తారు వేసిన కాంట్రాక్టరే గ్రావెల్ పోసి మార్జిన్‌ని రోడ్డు ఎత్తుకి తెచ్చి రోలర్ తొక్కించాలి. ఆ పని జరిగిందా లేదా చూడకుండా బిల్లు పాస్ చేయవద్దని మనవి.

3. స్పీడ్ బ్రేకర్లు, రంబుల్ స్ట్రిప్స్. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది: 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగే గుండ్రటి వంపు. మా దారిలో ఉన్న తొమ్మిదింటిలో ఒక్కటి కూడా మీటరు వెడల్పు లేదు. నాలుగింటికి తెల్లరంగు లేదు. చీకట్లో అవి గోడల్లా తగులుతాయి. రంబుల్ స్ట్రిప్స్, అంటే వరుసగా వేసే సన్నటి అడ్డ గట్లు, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేస్తున్నారు. కారు వేగం తగ్గించడానికి వేసినవి అవి. సైకిల్‌కి తగ్గించుకోవాల్సినంత వేగమే లేదు. ఆ కుదుపు తట్టుకోలేక సైకిల్ మనిషి మట్టిలోకో, రోడ్డు మధ్యకో తిప్పుతాడు. నడుం నొప్పి ఉన్న యాభై ఏళ్ల మనిషి సంగతి చెప్పక్కర్లేదు. ఎడమ అంచున ఒక మీటరు ఖాళీ వదిలి వేయమని మా విన్నపం.

4. అంచున ఆగిన లారీలు, వెలుగు లేని ట్రాక్టర్లు. తెల్లవారుజామున వెనక దీపం లేకుండా రోడ్డు ఎడమ పక్కన ఆగి ఉన్న లారీని చివరి క్షణంలో చూసి తప్పుకున్నవాళ్లు మా తొమ్మిది మందిలో ఐదుగురు ఉన్నారు. వరిగడ్డి నింపుకున్న ట్రాక్టరు ట్రక్కుకి వెనక లైటు ఉండదు, ఉన్నా గడ్డి కప్పేస్తుంది. ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్‌కి అయ్యే ఖర్చు ఒక పూట టిఫిన్ ఖర్చు. మార్కెట్ యార్డుల దగ్గర, మిల్లుల దగ్గర సీజన్‌లో నాలుగు రోజులు శిబిరం పెట్టి అంటిస్తే అయిపోయే పని ఇది.

5. ధాన్యం ఆరబోత. ఇది రాయడానికి నాకే మనసొప్పడం లేదు, ఎందుకంటే నేనూ రైతు బిడ్డనే. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు సగం మీద ధాన్యం పోసి, రాత్రి బరకాలు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ పెద్ద రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు ప్రాణం తీస్తాయి. రైతుని తిట్టి లాభం లేదు. తేమ ఎక్కువుంటే ధర రాదు, ఆరబెట్టుకోవడానికి కల్లం లేదు. ఊరికో సిమెంటు కల్లం ఉంటే ఎవరూ రోడ్డెక్కరు. అంతవరకు రాళ్లకు బదులు ఇసుక బస్తాలు పెట్టించి, వాటికి రిఫ్లెక్టర్ టేపు చుట్టించండి.

6. వీధి దీపాలు. మా ఊరి పొలిమేర నుంచి బైపాస్ దాకా రెండున్నర కిలోమీటర్లు దీపాల్లేవు. ఉన్నచోట తెల్లవారుజామున నాలుగున్నరకే ఆర్పేస్తున్నారు. మా నర్సమ్మకి రాత్రి డ్యూటీ ఉన్న వారాల్లో తెల్లవారుజామున కుదరక, సాయంత్రం తొక్కుదామనుకుంటుంది. ఆ చీకటి దారిలో ఒంటరిగా వెళ్లే ఆడమనిషికి ఎదురయ్యేవి రోడ్డు గుంతలు మాత్రమే కావు. బండి నెమ్మది చేసి పక్కనే నడుపుతూ వెకిలిగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఆమె రెండుసార్లు మధ్యలోనే వెనక్కి వచ్చేసింది. ఆ వారాల్లో ఆమె వ్యాయామం సున్నా.

ఇవన్నీ చదివి, తీరిక ఉన్నవాళ్ల సరదా కోసం ప్రభుత్వం ఎందుకు ఖర్చు పెట్టాలి అనిపించవచ్చు. ఒక పెద్ద ఉద్యోగి నాతో మర్యాదగానే అన్నారు, "మాస్టారూ, గ్రౌండ్‌లో తొక్కుకోవచ్చు కదా" అని. ఆ ప్రశ్నకి జవాబు నేను రోడ్డు మీదే చూశాను.

తెల్లవారుజామున ఆ రోడ్డు మీద సైకిళ్లు లెక్కపెట్టాం. ఒక బుధవారం ఐదు నుంచి ఏడు దాకా కాలవ వంతెన దగ్గర నిలబడి చూస్తే 143 వెళ్లాయి. అందులో మావి ఏడు. మిగతా 136 పాలు పోసేవాళ్లవి, పేపరు వేసే కుర్రాళ్లవి, ఆకుకూరలమ్మే ఆడవాళ్లవి, పక్క ఊళ్ల నుంచి పనికొచ్చే తాపీ మేస్త్రీలవి, డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్లవి, ట్యూషన్‌కి వెళ్లే పిల్లలవి. మాకు హెల్మెట్ ఉంది, ముందు వెనక లైట్లు ఉన్నాయి, మెరిసే జాకెట్లు ఉన్నాయి, పడితే ఇన్సూరెన్స్ ఉంది. అర్జీ రాయడం వచ్చు. వాళ్లకి ఇవేవీ లేవు. అదే రోడ్డు మీద ఈ వేసవిలో ఒక మేస్త్రీని ట్రాక్టరు రాసుకుంటూ పోయింది. కాలు విరిగి మూడు నెలలు పని లేక, పెద్ద కూతుర్ని కాలేజీ మాన్పించి బట్టల కొట్లో పనికి పెట్టాడు. ఆ అమ్మాయి నా క్లాసులో రెండో బెంచీలో కూర్చునేది. ఈ ఉత్తరం మా తొమ్మిది మంది కోసమే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ని కాను.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు సైకిల్ మీద వెళ్లేవారు సుమారు 2.6 కోట్ల మంది. కారులో వెళ్లేవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది మన ప్రభుత్వమే. సైకిల్ చేతికిచ్చి, తొక్కడానికి చోటు ఇవ్వకపోతే ఆ తల్లిదండ్రులు పిల్లని ఏ ధైర్యంతో పంపాలి? సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆదివారం సైకిల్ తొక్కండంటూ కేంద్ర ప్రభుత్వం ఫిట్ ఇండియా కింద కార్యక్రమం నడుపుతోంది. సంతోషమే. ఆ పిలుపు విని సైకిల్ కొన్నవాడు సోమవారం దాన్ని ఏ రోడ్డు మీదికి తీసుకెళ్లాలో కూడా చెప్పాలి.

ఆరోగ్యం సంగతికొస్తే, భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ తేల్చింది. ఆ అంచున ఉన్నవాళ్లకి డాక్టర్లు రాసే మొదటి మాట వ్యాయామం. మా ఊళ్లో జిమ్ నెలకి పన్నెండు వందలు, పార్కు ఒక్కటే, గ్రౌండ్ కాలేజీ పిల్లలకే చాలదు. అందరికీ అందుబాటులో ఉన్నది రోడ్డే. ఆ రోడ్డు భయపెడుతున్నందుకు ఇంట్లో కూర్చున్నవాళ్లు రేపు ఆస్పత్రి వరుసల్లో నిలబడతారు. ఆ ఖర్చు కూడా చివరికి ప్రభుత్వం మీదే పడుతుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. పైన సోలార్ పలకల కప్పు ఉంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అద్దె సైకిల్ మీద తొక్కి చూశాను. వెనక ఏమొస్తోందో అని ఒక్కసారి కూడా తల తిప్పకుండా గంటసేపు తొక్కడం నా జీవితంలో అదే మొదటిసారి. కట్టినవారికి చేతులెత్తి మొక్కాలనిపించింది. అయితే ఊరూరా అలాంటిది అడగడం లేదు. అలాంటి ట్రాక్ చేరడానికే ముందు కారు ఉండాలి, లేదా మామూలు రోడ్డు దాటాలి. మా పాలబ్బాయికి ఇంటి ముందు నుంచి డెయిరీ దాకా ఉన్న రోడ్డే కావాలి. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే కొంతసేపు వాహనాలు ఆపి జనానికి వదులుతున్నారు. దానికి కొత్తగా ఏమీ కట్టలేదు, రెండు బారికేడ్లు అడ్డం పెట్టారంతే. మనసుంటే తక్కువ ఖర్చుతో అయ్యే పనులు ఎన్నో ఉన్నాయనడానికే ఇది చెబుతున్నాను.

మా నాన్నగారు సైకిల్‌కి ఏటా పన్ను కట్టి, ఇత్తడి బిళ్ల హ్యాండిల్‌కి తగిలించుకునేవారు. రాత్రి లైటు లేకుండా వెళ్తే పోలీసులు ఆపేవారు. చిన్నప్పుడు ఆయన డైనమో చప్పుడు సందు మలుపులో వినిపిస్తే అన్నం వడ్డించేది అమ్మ. సైకిల్ కూడా రోడ్డు మీద హక్కున్న వాహనమేనని ప్రభుత్వం పన్ను తీసుకుని మరీ ఒప్పుకున్న రోజులవి. పన్ను పోయింది, దాంతోపాటు ఆ చోటు కూడా పోయింది.

చట్టం మా వైపే ఉందని నాకు అర్థమైంది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలకు కాక మనుషులకు రోడ్డు మీద చోటు దక్కాలని చెప్పింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణల్లో సెక్షన్ 198ఏ ఉంది. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో వైకల్యమో కలిగితే, బాధ్యులైన సంస్థకో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అదే సవరణతో వచ్చిన 138(1ఏ), 210డి సెక్షన్లు పాదచారుల, సైకిళ్ల వంటి వాహనాల విషయంలోనూ, రోడ్ల ప్రమాణాల విషయంలోనూ నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకిచ్చాయి. ఆ నియమాలు ఆరు నెలల్లో తయారు చేయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. 2022 ఒక్క ఏడాదిలో ఈ దేశపు రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ఇది. నెదర్లాండ్స్‌లో 1971లో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగారు, ప్రభుత్వం విని రోడ్లు మార్చింది. ఇవాళ సైకిల్ అంటే ముందుగా గుర్తొచ్చే దేశం అది.

మేం అడిగేవి ఇవి:

1. పట్టణాల్లో కడ్డీలు రోడ్డు పొడవునా ఉన్న ప్రతి మురుగు జాలీనీ 60 రోజుల్లో గుర్తించి, అడ్డంగా తిప్పాలి, లేదా పట్టీలు వెల్డింగ్ చేయించాలి. ఇకపై కొనేవన్నీ అడ్డ కడ్డీలవే కొనాలని టెండర్లలో రాయాలి.

2. రోడ్డు ఎడమ అంచున ఒక మీటరు మేర గుంతలు, ఇసుక, కంకర, అంచు తెగుడు లేకుండా చూడటం నిర్వహణ పనిలో విడిగా ఒక అంశంగా చేర్చాలి. తనిఖీకి వచ్చే ఇంజినీరు ఆ మీటరు మీద సైకిల్ తొక్కి, తేదీతో సంతకం పెట్టాలి. జీపులోంచి చూస్తే కనపడనివి అక్కడ ఎన్నో ఉన్నాయి.

3. కొలతకు సరిపోని స్పీడ్ బ్రేకర్లు తీసి సరైనవి వేయాలి, రంగు వేయాలి. రంబుల్ స్ట్రిప్స్ ఎడమ అంచున మీటరు వదిలి వేయాలి.

4. పాఠశాలల ముందు, పొలిమేరల దగ్గర వేగ పరిమితి బోర్డు పెట్టడమే కాక, పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా వేగం కొలిచే పరికరంతో సిబ్బంది ఉండాలి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

5. సైకిల్‌ని దాటేటప్పుడు ఎంత దూరం వదలాలో రాష్ట్ర నియమాల్లో అంకెతో సహా రాయాలి. ఫ్రాన్స్‌లో ఊళ్లో అయితే మీటరు, ఊరి బయట మీటరున్నర. డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షలో ఈ ప్రశ్న తప్పనిసరిగా ఉండాలి.

6. పొలిమేర దారుల్లో దీపాలు పొద్దున ఆరు గంటల దాకా వెలగాలి. మహిళా పోలీసుల గస్తీ సాయంత్రాలు ఆ దారుల్లో తిరగాలి.

7. అర్జీ మూసేముందు పని జరిగిన ఫొటో పెట్టాలి, అర్జీదారుకి ఫోన్ చేసి అడగాలి. పని జరగకుండా 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వస్తే, మనిషికి రోడ్డు మీదే కాదు, ప్రభుత్వం మీద కూడా నమ్మకం పోతుంది.

లారీ, బస్సు, ఆటో డ్రైవర్ అన్నదమ్ములకు ఒక మాట. మీ టైముల ఒత్తిడి మాకు తెలుసు. మా వెనక్కి వచ్చి గట్టిగా హారన్ కొడితే మేం ఉలిక్కిపడి ఎటు తిరుగుతామో మాకే తెలియదు. కాస్త దూరం నుంచే ఒకసారి చిన్నగా కొట్టి, పక్కకి చోటు వదిలి వెళ్లండి. చాలామంది అలాగే వెళ్తున్నారు. తెల్లవారుజామున చెయ్యెత్తి పలకరించే డ్రైవర్లు కూడా ఉన్నారు, వాళ్ల ముఖాలు మాకు గుర్తే.

మా వైపు నుంచి కూడా మాట ఇస్తున్నాం. హెల్మెట్ లేకుండా, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా మా గుంపులో ఎవరూ రోడ్డెక్కరు. ఒకరి పక్కన ఒకరం కాకుండా ఒకరి వెనక ఒకరం వెళ్తాం. రాంగ్ రూట్‌లో వెళ్లం, సిగ్నల్ దాటం. చెవిలో పాటలు పెట్టుకోం. మా డబ్బుతో 200 వెనక రిఫ్లెక్టర్లు కొని పాలవాళ్ల, మేస్త్రీల సైకిళ్లకి బిగించడం మొదలుపెట్టాం. ఇప్పటికి 84 అయ్యాయి.

మా దారిలో ఉన్న 22 ప్రమాదపు చోట్ల జాబితా, ఒక్కోదాని కొలత, ఫొటో ఈ ఉత్తరంతో పాటు మీకు పంపుతున్నాను. జాలీలు పదకొండు, తెగిన అంచులు ఆరు, రంగు లేని బ్రేకర్లు నాలుగు, పగిలిన కల్వర్టు గోడ ఒకటి. వీటిని చూడటానికి మీ నుంచి ఎవరైనా వస్తే, ఏ రోజైనా సరే, పొద్దున ఐదింటికి కాలవ వంతెన దగ్గర టేపు, సుద్దముక్కలు పట్టుకుని నిలబడి ఉంటాం. మీ కోసం ఒక సైకిల్ కూడా సిద్ధంగా ఉంచుతాం. గాలి కొట్టి, చైనుకి నూనె వేసి పెట్టాం. అది మా కండక్టరు గారిది.

ఇట్లు,
తొమ్మిది మంది తరఫున,
ఒక ఫిజిక్స్ మాస్టారు

జత చేసినవి: మూడు అర్జీల నకళ్లు, రసీదు, 'పరిష్కరించబడినది' అన్న మెసేజ్ ఫొటో, 22 చోట్ల జాబితా